అనురూప ప్రయోగం – సురభి కమలాబాయి

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో కైశికీవృత్తి ఆవిర్భవించిన కథ సుప్రసిద్ధం. భారతి, సాత్త్వతి, ఆరభటి అనే మూడు వృత్తులతో ప్రయోగాన్ని సిద్ధం చేసుకొన్న భరతుణ్ణి కైశికిని కూడ చేర్చవలసినదిగా బ్రహ్మ ఆదేశించినాడు. ఆ వృత్తిని నీలకంఠుని నృత్తంలో తాను చూచి ఉన్నానని, స్త్రీలు లేకుండ కేవలం పురుషుల చేత అది సాధ్యం కాదని భరతుడు విన్నవించినాడు. అప్పుడు బ్రహ్మ మంజుకేశి, సుకేశి మొదలైన అప్సరసలను మనస్సంకల్పంతో సృష్టించి భరతునికి అప్పగించినాడు. ఇందలి పురాణాంశం మాట ఎట్లున్నా, శాస్త్రకారుని అభిప్రాయం మాత్రం స్పష్టం. నటి లేనిదే నాట్యంలో ఒక వృత్తి సమూలంగా లోపిస్తుంది.

ఈ ఘట్టాన్ని ప్రాచ్య కళాశాలల తరగతులలో ఏటేటా బోధిస్తూనే ఉన్నారు. కాని అదే తరగతిలో ఆధునికాంధ్ర నాటక చరిత్ర వద్దకు వచ్చేసరికి దృష్టి మారిపోతుంది. నాటకకర్తలు ముందు వరుసలో నిలుస్తారు. సమాజాలు, వాటి పోషకులు, ప్రసిద్ధ నటులు తరువాతి వరుసలో నిలుస్తారు. నటీమణులు అధ్యాయాంతంలో ఒక పేరాకు పరిమితమవుతారు. సురభి కమలాబాయి పేరు అయితే ‘తొలి తెలుగు టాకీ నాయిక’ అనే ఒక్క విశేషణంతో ముగిసిపోతుంది. ఆ విశేషణం సత్యమే. అయినా అది ఆమె చరిత్రను సినిమాతో ఆరంభింపజేస్తుంది. తెలుగు నటనలో స్త్రీకి చోటు కల్పించినది చలనచిత్రమే అనే అపోహకు దారితీస్తుంది. వాస్తవ క్రమం దీనికి విపర్యయం. బొంబాయి స్టూడియోలో మైకు ముందు నిలువక పూర్వమే కమలాబాయి ఒక సంపూర్ణ రంగసంప్రదాయానికి వారసురాలు. ఆ సంప్రదాయాన్ని విడిచి ఆమె స్థానాన్ని నిర్ణయించడం మూలాన్ని వదలి శాఖను వర్ణించడమే అవుతుంది.

కుటుంబమే సమాజం

కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ప్రభృతులు ‘కీచకవధ’ను ప్రదర్శించడంతో సురభి నాటక సమాజానికి అంకురార్పణ జరిగినది. వీరు మరాఠీ మూలం గల కుటుంబాలవారు. పూర్వం తోలుబొమ్మలాట వీరి వృత్తి. తెర వెనుక బొమ్మను ఆడించి, దాని తరఫున పద్యం పాడి, మాట పలికిన కుటుంబం ఆ తెరను తొలగించి తానే ముందుకు వచ్చినది. తోలుబొమ్మలాటలో ఇంటి స్త్రీలు స్త్రీపాత్రలకు గొంతునివ్వడం మామూలు. కనుక తెర తొలగినప్పుడు ఆ గొంతు గల స్త్రీ సహజంగానే రంగం మీద నిలిచినది. ఆమెను ప్రత్యేకంగా ఆహ్వానించవలసిన అవసరం కాని, సంస్కరణోద్యమం కాని ఇక్కడ కలుగలేదు.

ఈ విశేషం సంస్కృత రూపకాలు చదివినవారికి కొత్తగా తోచనవసరం లేదు. ప్రస్తావనలో సూత్రధారుడు పిలిచే నటి ఎవరు? అతని భార్య. ‘మృచ్ఛకటికం’లో సూత్రధారుడు ఆకలితో ఇంటికి పోయేసరికి నటి వ్రతపు ఏర్పాట్లలో ఉన్నది. ‘ముద్రారాక్షసం’లో ఆమె గ్రహణనిమిత్తమైన బ్రాహ్మణ భోజనానికి వంట సాగిస్తున్నది. ‘రత్నావళి’లో దూరదేశస్థునికి ఇవ్వజూపిన కూతురి పెండ్లిని గూర్చి దిగులు పడుతున్నది; అదే ప్రస్తావనలో యౌగంధరాయణుని వేషం ధరించి వస్తున్నవాడు సూత్రధారుని తమ్ముడే. వంట, వ్రతం, పిల్ల పెండ్లి, వేషం అన్నీ ఒకే ఇంటిలో సాగుతున్నాయి. వ్యాఖ్యాతలు ప్రస్తావనను కథాసూచనకు, ప్రరోచనకు ఉపకరణంగా వివరించి ముందుకు సాగుతారు. కాని నటకుటుంబ జీవితం ఎట్లుండేదో తెలిపే సాక్ష్యం కూడ అందులో ఉన్నది. సూత్రధారుడు తన భార్యను ‘ఆర్యే’ అని సంబోధించినాడు; ఆమె అతనిని ‘ఆర్యపుత్ర’ అన్నది. గృహిణి, నటి అనే రెండు మాటలు ఆ రంగం మీద పరస్పర విరుద్ధాలు కావు.

పందొమ్మిదవ శతాబ్దపు ఆంధ్రదేశంలో మాత్రం ఆ రెండు మాటల నడుమ గోడ లేచి ఉన్నది. కులస్త్రీ రంగమెక్కరాదు. ఆడిపాడే విద్య కలిగిన కళావంతుల స్త్రీలను సంస్కర్తలు సభలకు దూరం చేస్తున్నారు. విద్యావంతులు నెలకొల్పిన నాటక సమాజాలు ఈ రెండు నిషేధాల నడుమ చిక్కుకొని స్త్రీపాత్రను పురుషుని కప్పగించినాయి. ఇది కళాసిద్ధాంతం వలన వచ్చిన నిర్ణయం కాదు. సాంఘికమైన ఇబ్బంది వలన వచ్చిన సర్దుబాటు. సురభివారు ఆ ఇబ్బందికి వెలుపల ఉన్నారు. వారి నటి ఎవరో ఒకరికి ఇల్లాలు, కూతురు, కోడలు. భర్త, మామ, మరిది అదే రంగం మీద, అదే డేరాలో ఉన్నారు. ‘ప్రస్తావన’లోని గృహిణీనటి ఆంధ్రదేశంలో మరల కనిపించినది ఇక్కడనే.

కమలాబాయి 1907 ప్రాంతంలో ఈ కుటుంబంలో జన్మించినారు. తల్లి వెంకూబాయి దమయంతి పాత్రలో రంగం మీద ఉండగా ప్రసవవేదన కలిగినదని, ఆ రంగస్థలం మీదనే బిడ్డ పుట్టినదని సురభివారు చెప్పుకొనే వృత్తాంతం. దీనిని సాధారణంగా అద్భుతంగానే వర్ణిస్తారు. దీనిలో మరొక అర్థం కూడ ఉన్నది. నెలలు నిండిన స్త్రీకి సైతం విశ్రాంతి లేని వృత్తి అది. ఆ రాత్రి ఆట ఆగితే మరునాటి బత్తెం ఆగుతుంది. నలుని చేత విడువబడి అడవిలో విలపించే దమయంతి వేదనకు, వేషం వెనుక ఉన్న స్త్రీ వేదనకు నడుమ హద్దు చెరిగిపోయిన ఆ ఘటన సురభి స్త్రీల శ్రమకు గుర్తు. ఇక్కడ పుట్టిన బిడ్డకు మరొక మార్గాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ ఉండేదా అని అడుగవచ్చు. ఉండేదని చెప్పడం కష్టం. సంప్రదాయాన్ని శ్లాఘించేటప్పుడు ఈ వెలను కూడ లెక్కించవలసి ఉన్నది.

సురభి బిడ్డలకు నాట్యశిక్షణ వేరుగా లేదు. నడక నేర్చినది మొదలు బాలపాత్రలు. గొంతు నిలిచినప్పుడు పద్యాలు. వయస్సు వచ్చినప్పుడు నాయికాపాత్రలు. ఆ పైని తల్లులు, వృద్ధలు. ఒక నాటకంలోని పాత్రలన్నింటిని జీవితకాలంలో క్రమంగా ధరించడమే ఇక్కడి పాఠ్యప్రణాళిక. ఇట్టి శిక్షణలో పెరిగిన నటికి నాటకమంతా నోటికి వస్తుంది. తన పాత్ర మాత్రమే కాక ఎదుటి పాత్ర ఊపిరి కూడ తెలుస్తుంది. కమలాబాయి చేతికి వచ్చిన పెట్టుబడి ఇది.

మూడు ప్రకృతులు

పాత్రధారణను భరతుడు అనురూప, విరూప, రూపానుసారిణి అని మూడు విధాలుగా విభజించినాడు. వయస్సుకు, అవస్థకు తగినట్లు స్త్రీపాత్రను స్త్రీయు, పురుషపాత్రను పురుషుడును ధరించడం అనురూప. బాలుడు వృద్ధపాత్రను, వృద్ధుడు బాలపాత్రను ధరించడం విరూప. పురుషుడు స్త్రీపాత్రను ధరించడం రూపానుసారిణి. స్త్రీ పురుషపాత్రను ధరించడానికి కూడ శాస్త్రంలో అవకాశం ఉన్నది. సురభి స్త్రీలు శ్రీకృష్ణాది పాత్రలను ధరించి ఆ అవకాశాన్ని సైతం వినియోగించుకొన్నారు.

ఈ విభాగాన్ని ముందుంచుకొని చూస్తే ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలోని తెలుగు రంగస్థలంపై రెండు మార్గాలు సమాంతరంగా సాగినట్లు తెలుస్తుంది. రూపానుసారిణికి పరాకాష్ఠ స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాస సభలో ప్రసిద్ధి పొంది, సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన సాధించిన కీర్తి నిర్వివాదం. 1956లో పద్మశ్రీ ఆయనను వరించినది. తన అభినయ రహస్యాలను ‘నటస్థానం’ అనే గ్రంథంలో స్వయంగా వివరించినందున ఆయన కళను ఆయన మాటలలోనే చదువుకొనే భాగ్యం కలిగినది. సురభి స్త్రీల కళ పుస్తకంగా కాక పెంపకంగా సంక్రమించినది.

స్థానం వారి ప్రతిభను తగ్గించి కమలాబాయిని పెంచవలసిన పని లేదు. రూపానుసారిణి శాస్త్రసమ్మతమే, అది మహత్తర కళ కూడ. వివాదం వేరొక చోట ఉన్నది. స్త్రీపాత్రకు పురుషుని ప్రమాణంగా నిలిపి, స్త్రీ ఆ పాత్రను ధరించడాన్ని మినహాయింపుగా చూపే పద్ధతి మన నాటక చరిత్ర రచనలో స్థిరపడినది. స్థానం నడకను చూచి స్త్రీలు నడక నేర్చుకొన్నారనే ప్రశంస తరతరాలుగా వినిపిస్తున్నది. ప్రశంసగా అది అందమైనదే. చారిత్రక నిర్ణయంగా తీసుకొంటే మాత్రం శాస్త్రక్రమం తలక్రిందులవుతుంది. అనురూపను మొదట చెప్పి రూపానుసారిణిని తరువాత చెప్పిన భరతుని క్రమానికి కారణం ఉన్నది. అనుకరణ గొప్పదనం అనుకార్యం వలననే తెలియవలెను. అనుకార్యమైన స్త్రీ రంగం మీద ఉండగా ఆమెను గణించక అనుకరణను మాత్రమే గణించడం న్యాయం కాదు.

ఈ అలక్ష్యం నేటిది కాదు. వ్యాకరణ మహాభాష్యంలో పతంజలి ఒక ఉపమానం చెప్పినాడు. వ్యంజనాలు నటుల భార్యల వంటివట. రంగం మీదికి వచ్చిన నటభార్యలను ఎవరెవరు ‘ఎవరిదానవు’ అని అడిగితే వారి వారితో ‘నీదానను’ అన్నట్లుగా, వ్యంజనాలు ఏ అచ్చు వస్తే దానిని ఆశ్రయిస్తాయని తాత్పర్యం. రెండువేల ఏండ్లకు పూర్వమే నటి రంగం మీద ఉన్నదనడానికి ఇది సాక్ష్యం. ఆమెను లోకం ఏ దృష్టితో చూచినదో అనడానికి కూడ ఇదే సాక్ష్యం. ‘ఆర్యే’ అనే సంబోధన నాటకంలో ఉన్నది. ఈ పరిహాసం శాస్త్రగ్రంథంలో ఉన్నది. ఆంధ్ర నాటక సమాజాలు రెండవదానిని వారసత్వంగా స్వీకరించినాయి. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు స్త్రీపాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగం మీదికి తీసుకొని రావలసి వచ్చినది. రాఘవ చేసినది సాహసమే. ఆయన వాదించి సాధించిన దానిని సురభి స్త్రీలు వాదం లేకుండ అనేక సంవత్సరాలుగా ఆచరిస్తూ ఉన్నారన్న సంగతి కూడ ఆ పుటలోనే చేరవలెను.

మాట నేర్చిన తెర

మూగచిత్రాల కాలంలో నటి ఏ భాషకు చెందినదైనా బాధ లేదు. ఫాల్కే 1913లో తీసిన ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి పాత్రను సాలుంకే అనే పురుషుడు ధరించినాడు. తెలుగువారైన రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌లు 1921లో నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’లో గంగగా పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్ల వనిత నటించినది. కంటికి కనిపిస్తే చాలినంత కాలం ఇది సాగినది. 1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ విడుదలై బొమ్మకు మాట వచ్చిన తోడనే పరిస్థితి మారినది. ఇక తెర మీది గంగకు తెలుగు రావలెను. లీలావతికి పద్యం రావలెను.

ఆనాడు నేపథ్యగానం లేదు. నటి తన పాటను తానే, చిత్రీకరణ సాగుతూ ఉండగా పాడవలసినదే. వాద్యగాండ్రు చట్రానికి వెలుపల కూర్చుండి వాయించేవారు. మాట తడబడినా, శ్రుతి తప్పినా ఆ దృశ్యమంతా మరల మొదటికి వచ్చేది. ఇట్టి పనికి పద్యం, పాట, మాట మూడింటిని ఒక్క ఊపిరిలో నిర్వహించగల నటి కావలెను. అట్టి స్త్రీలు తెలుగుదేశంలో ఎక్కడ ఉన్నారు? సురభి డేరాలలో ఉన్నారు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో నిర్మితమైన ‘భక్త ప్రహ్లాద’కు ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారం. ఆ నాటకం సురభివారు ఆడుతూ వచ్చినదే. హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదునిగా బాలనటుడు సింధూరి కృష్ణారావు, లీలావతిగా కమలాబాయి నటించినారు. చందాల కేశవదాసు పాటలు వ్రాసినారు. నాటకం, నటులు, గానపద్ధతి అన్నీ రంగస్థలానివే. యంత్రం మాత్రమే కొత్తది. తొలి తెలుగు టాకీ అనే దానిని తెరకెక్కిన నాటకమనడం తక్కువ చేయడం కాదు. అది దాని స్వరూపం.

ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చాలకాలం వ్రాస్తూ వచ్చినారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని రెంటాల జయదేవ పరిశోధనతో తేలినది. పాత్రికేయ శ్రద్ధతో, పత్రసాక్ష్యంతో సాగిన ఆ పరిశోధన ప్రశంసనీయం. ఒక తేదీ కొరకు జరిగిన ఆ శ్రమను చూచినప్పుడు మరొక ఆలోచన కలుగక మానదు. తేదీని గూర్చి జరిగిన చర్చలో పదవ వంతు కూడ ఆ చిత్రంలోని నటి వాచికాభినయాన్ని గూర్చి జరుగలేదు. ఆమె పద్యం చదివే తీరు సమాజ నటుల తీరుకు ఎట్లు భిన్నం? డేరాలో చివరి వరుసకు వినిపించవలసిన గొంతును మైకుకు తగినట్లు ఆమె ఎట్లు తగ్గించుకొన్నారు? ఇవి కూడ పరిశోధకులు అడుగవలసిన ప్రశ్నలు.

అదే 1932లో సాగర్ సంస్థ సర్వోత్తం బాదామి దర్శకత్వంలో నిర్మించిన ‘పాదుకా పట్టాభిషేకం’లో అద్దంకి శ్రీరామమూర్తి రాముడు కాగా కమలాబాయి సీత. అదే దర్శకుని ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడు కాగా ఆమె శకుంతల. తొలి మూడు తెలుగు టాకీలకు ఒకే నాయిక. ఈ నాయకులిద్దరూ ప్రసిద్ధ సమాజ నటులన్న సంగతి గమనార్హం. వారు రంగస్థలం మీద స్త్రీవేషధారియైన పురుషుని ఎదుట నటించడానికి అలవాటు పడినవారు. సమాజాల మార్గమూ, సురభి మార్గమూ ఒకదాని కొకటి ఎదురుగా నిలిచినది ఈ చిత్రాలలోనే. మైకు, కెమెరా సమీపంగా వచ్చినప్పుడు రూపానుసారిణి వెనుకకు తగ్గినది; అనురూప ముందుకు వచ్చినది. దాసరి కోటిరత్నం, ‘లవకుశ’ (1934) సీతగా శ్రీరంజని, ‘హరిశ్చంద్ర’ (1935) చంద్రమతిగా కన్నాంబ మొదలైనవారు నడచిన బాటలో మొదటి అడుగు కమలాబాయిది. వీరందరూ రంగస్థలం నుండి వచ్చినవారే. సినిమా నటిని సృష్టించలేదు. రంగస్థలం సృష్టించిన నటిని సినిమా స్వీకరించినది.

‘శకుంతల’ విషయం ప్రాచ్య కళాశాలలవారికి ప్రత్యేకంగా పట్టవలసినది. అభిజ్ఞాన శాకుంతలం నాల్గవ అంకాన్ని కంఠస్థం చేయించని కళాశాల అరుదు. వీరేశలింగం, వేదం వేంకటరాయశాస్త్రి ప్రభృతుల అనువాదాలను తులనాత్మకంగా బోధిస్తారు. పాత్రోచితభాషపై గంటల కొలది చర్చ సాగుతుంది. సంస్కృతంలో శకుంతల ప్రాకృతం మాట్లాడుతుంది, తెలుగులో ఆమె ఏ భాష మాట్లాడవలెను అనే ప్రశ్న పరీక్షలలో సైతం వస్తుంది. ఆ భాషను తెలుగు తెర మీద మొదట పలికిన స్త్రీ ఎవరు అనే ప్రశ్న మాత్రం రాదు. పాత్రోచితమైన భాషకు పాత్రోచితమైన గొంతు కూడ ఉండవలెనన్న ఆలోచన మన పాఠ్యక్రమంలో లేదు.

నాయిక నుండి తల్లి

ఆ తరువాత ‘పృథ్వీపుత్ర’ (1933) మొదలుకొని కమలాబాయి మరికొన్ని చిత్రాలలో నటించినారు. బొంబాయిలో ఉండి హిందీ చిత్రాలలో సైతం వేషాలు ధరించినారు. 1938లో విశాఖపట్టణంలో నిర్మితమైన ‘భక్త జయదేవ’లోను ఉన్నారు. క్రమంగా కొత్త ముఖాలు, నేపథ్యగానం వచ్చి నాయికకు కావలసిన అర్హతలను మార్చినాయి. పాడగల నటి అవసరం తగ్గినది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో ఆమె కథానాయకుడైన తోట రాముని తల్లి.

తొలి టాకీ ప్రతి నేడు లభ్యం కాదు. ఆనాటి చిత్రాలలో అత్యధికం నశించినాయి. కనుక లీలావతిని చూచే వీలు నేటి పరిశోధకునికి లేదు; తోట రాముని తల్లిని మాత్రం ఎప్పుడు కావలసిన అప్పుడు చూడవచ్చు. చరిత్రలో ఆమెకు పేరు తెచ్చిన పాత్ర కనబడదు. కనబడే పాత్రను చరిత్ర పట్టించుకోదు. అయినా ఆ తల్లిపాత్రను శ్రద్ధగా చూస్తే విలువైన సామగ్రి లభిస్తుంది. కొడుకు దుడుకుతనానికి భయపడే పేదతల్లి మాటలో పద్యనాటకపు సాగదీత లేదు. డేరాలో పెరిగిన గొంతు ఇంటి మాటకు ఒదిగిపోయినది. ఇరవై ఏండ్లలో తెలుగు వాచికం పొందిన పరిణామాన్ని ఒకే నటి జీవితంలో పరిశీలించడానికి ఇది అవకాశం. ఇందులో ఒక విశేషం కూడ ఉన్నది. సురభివారు అనంతర కాలంలో ‘జై పాతాళభైరవి’ని తమ ప్రదర్శనలలో చేర్చుకొని ప్రఖ్యాతి పొందినారు. రంగస్థలం సినిమాకు ఇచ్చిన ఋణం ఆ విధంగా మరల రంగస్థలానికి చేరినది.

కమలాబాయి 1971లో కన్నుమూసినారు. స్థానం నరసింహారావు మరణించినది కూడ ఆ సంవత్సరమే. స్త్రీపాత్రను ధరించిన పురుషునికి దేశం పద్మశ్రీనిచ్చినది. స్త్రీపాత్రను ధరించిన స్త్రీకి అట్టి గౌరవం లభించలేదు. సురభి కుటుంబాలకు చెందిన రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ 2013లో వచ్చినది. ఆ సత్కారం సముచితం. సురభి స్త్రీల వంతు మాత్రం ఇంకను మిగిలి ఉన్నది.

పాఠం, ప్రయోగం

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: నటన క్షణికం, గ్రంథం స్థిరం, స్థిరమైన దానిని వదలి నశించిన దానిని పరిశోధించుట ఎట్లు? ఈ ఆక్షేపణ బలమైనదే. కాని సంస్కృత పండితులు నశించిన దానిని పరిశోధించడం కొత్తగా నేర్చుకోనవసరం లేదు. కైశికీవృత్తి ఎట్లుండేదో ఎవరూ చూడలేదు. అయినా అభినవగుప్తుని వ్యాఖ్య నాధారం చేసుకొని దానిని గూర్చి ఎన్నో సిద్ధాంతవ్యాసాలు వెలువడినాయి. వేయి ఏండ్ల క్రిందటి ప్రయోగాన్ని ఊహించగల విద్వాంసులకు తొంభై ఏండ్ల క్రిందటి ప్రయోగం అందరానిది కారాదు. పైగా ఇక్కడ సజీవ సాక్ష్యం ఉన్నది. సురభి కుటుంబాలు ఇప్పటికీ నాటకాలాడుతున్నాయి. వారి పద్యపఠనంలో, నడకలో, స్త్రీపాత్రల సంప్రదాయంలో పాతపొరలు ఉన్నాయి. పి.ఎస్.ఆర్. అప్పారావు ‘తెలుగు నాటక వికాసం’, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘నటరత్నాలు’ వంటి గ్రంథాలు దారి చూపినాయి. ఆ దారిని ముందుకు సాగించవలసిన బాధ్యత తరువాతి తరానిది.

రెండవ ఆక్షేపణ: సురభి నాటకాలు జనరంజకాలు, వాటి సాహిత్యస్థాయి సమాజ నాటకాల స్థాయికి చాలదు, కనుక వాటి నటీమణులు సాహిత్యచరిత్రలో భాగం కారు. ఇది కూడ విచారణకు నిలువదు. సురభివారు ఆడిన ‘భక్త ప్రహ్లాద’ ఆంధ్రనాటక పితామహునిగా కీర్తింపబడిన ధర్మవరం వారి రచన. అదే గ్రంథం పుస్తకంగా ఉన్నప్పుడు సాహిత్యమై, కమలాబాయి నోట ఉన్నప్పుడు సాహిత్యేతరం కావడానికి వీలు లేదు. అక్షరాలు రాని ప్రేక్షకునికి ధర్మవరాన్ని అందించినది ముద్రణాలయం కాదు, ఈ కుటుంబాలే. దృశ్యకావ్యాన్ని శ్రవ్యకావ్యంగా మాత్రమే బోధించే అలవాటు వలన ఈ సంగతి మరుగున పడినది.

కావలసిన పని అసాధ్యమైనది కాదు. నాట్యశాస్త్రంలోని పాత్రప్రకృతి విభాగాన్ని బోధించే తరగతిలోనే స్థానం, కమలాబాయి ఇరువురిని ఉదాహరణలుగా చెప్పవచ్చు. ‘రత్నావళి’ ప్రస్తావనను చదివించేటప్పుడు సురభి కుటుంబ వ్యవస్థను జోడించవచ్చు. శకుంతల అనువాదాలను తులనం చేయించే అధ్యాపకుడు ఆ పాత్రను ధరించిన నటీనటుల వాచికాన్ని కూడ ప్రస్తావించవచ్చు. నాటకకర్తలపై ఏటేటా వెలువడే సిద్ధాంతవ్యాసాలలో కొన్నింటిని సురభి స్త్రీల మౌఖిక చరిత్రకు మళ్ళించవచ్చు. ఆ కుటుంబాలలోని వృద్ధుల జ్ఞాపకాలు గ్రంథాల వలె బీరువాలో ఎదురుచూడవు. ఒక్కొక్కరు వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్క పాఠం పోతున్నది.

కైశికి కొరకు బ్రహ్మ అప్సరసలను సృష్టించి ఇచ్చినాడని విద్యార్థి వ్రాసే సమాధానానికి పూర్తి మార్కులు వేసే అధ్యాపకుడు, ఆ కైశికిని తెలుగు రంగం మీద నిలిపిన స్త్రీల పేర్లను కూడ అడుగవలెను. కమలాబాయి పేరు ఆ సమాధానంలో ‘తొలి టాకీ నాయిక’గా కాక, వేషం ధరించిన తల్లికి పుట్టి, వేషంతోనే పెరిగి, అనురూప ప్రయోగాన్ని డేరా నుండి తెరకు చేర్చిన నటిగా రావలెను. అప్పుడే మన నాటక చరిత్ర మన నాట్యశాస్త్రానికి అనుగుణంగా ఉన్నదని చెప్పుకొనవచ్చు.